నలభై ఒక్క నిమిషాలు

వీహెచ్ఎస్ క్యాసెట్టుకి వెనక అంచు మీద, ఒక మూల, చిన్న ప్లాస్టిక్ పలుకు ఉంటుంది. దాన్ని విరగ్గొడితే ఇక ఆ క్యాసెట్టు మీద రికార్డు చేయడం కుదరదు. వీసీఆర్ లోపల చిన్న మీట ఒకటి ఆ పలుకు కోసం తడుముకుంటుంది. దొరక్కపోతే రికార్డు బటన్ పనిచేయదు. పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళు క్యాసెట్టు మన చేతికిచ్చే ముందే ఆ పలుకు విరిచేసేవారు. కానీ విరిగిన చోట సెలోటేపు ముక్క అంటిస్తే వీసీఆర్ మోసపోతుంది, మళ్ళీ రికార్డు చేసుకోవచ్చు. ఈ రెండో సంగతి తొంభైల్లో, వీసీఆర్ ఉన్న ఇంట్లో పెరిగిన ఏ పిల్లాడికైనా తెలుసు.

మా పిన్ని పెళ్ళి క్యాసెట్టు రెండో భాగానికి ఆ పలుకు లేదు. దాని స్థానంలో సెలోటేపు ముక్క ఉంది. తేనెరంగుకి తిరిగి, అంచులు లేచిపోయి, ఇంకా వదలకుండా అంటుకునే ఉంది. అది అంటించింది నేనే. 1998 ఏప్రిల్ 24 సాయంత్రం. తేదీ ఇంత కచ్చితంగా ఎలా గుర్తుందంటే, ఆ రోజు సచిన్ పుట్టినరోజు.

ఈ సంగతి ఇన్నేళ్ళలో నేను ఎవరికీ చెప్పలేదు.

*

అమ్మావాళ్ళు ఏలూరు ఇల్లు అద్దెకిచ్చేసి మా దగ్గరికి, మియాపూర్‌కి వచ్చేశారు. సామానంతా సర్దుతుంటే ఇనప్పెట్టె అడుగున పదకొండు క్యాసెట్లు బయటపడ్డాయి. పిన్ని పెళ్ళి రెండు, మామయ్య గృహప్రవేశం, అక్క ఓణీల ఫంక్షను, ఒక తిరుపతి ప్రయాణం. మిగతావి టీవీలో వచ్చినప్పుడు నాన్న పట్టిన సినిమాలు. అమ్మ వాటిని పాత తువ్వాలుతో తుడిచి, నా లాప్‌టాప్ పక్కన పేర్చి పెట్టింది.

"పిన్ని పెళ్ళి దాంట్లో అమ్మమ్మ అప్పగింతల పాట పాడింది రా. అది బూజు పట్టి పాడైపోయిందని అన్నారు కదా మీ నాన్న. నువ్వు ఇంజనీరువి, ఏమైనా చెయ్యొచ్చేమో చూడు," అంది.

పాడైపోయిందని నాన్న అన్నమాట నిజమే. 2001లోనో 2002లోనో ఎవరో ఆ క్యాసెట్టు అడిగితే, "ఇన్నాళ్ళు పెట్టెలో ఉంది, బూజు పట్టేసుంటుంది" అన్నారు. అప్పటికే వీసీఆర్ మూలపడింది, ఇంట్లోకి వీసీడీ ప్లేయరు వచ్చింది. నేను పక్కనే ఉండి తలూపాను. అలా నేను కల్పించని అబద్ధం ఒకటి నాకు దొరికింది. దాన్ని జాగ్రత్తగా వాడుకున్నాను.

అమ్మమ్మ 1995లో పోయింది. పిన్ని పెళ్ళి 1992లో. అమ్మమ్మ గొంతు ఇంకెక్కడా లేదు. ఆవిడ తరంలో, తణుకు దగ్గర ఒక పల్లెటూళ్ళో, గొంతు రికార్డు చేయించుకోవాల్సిన అవసరం ఎవరికొచ్చింది గనక!

*

పని మొదలుపెట్టడానికి ముందు వీసీఆర్ కావాలి. జపాన్‌లో ఫునాయ్ అనే కంపెనీ 2016 జూలైలో వీసీఆర్ల తయారీ ఆపేసింది. ప్రపంచంలో కొత్త వీసీఆర్ తయారుచేస్తూ మిగిలిన ఆఖరి కంపెనీ అదేనని అప్పట్లో పత్రికలు రాశాయి. అంటే ఇప్పుడు దొరికేదేదైనా ఎవరింట్లోనో వాడి వదిలేసిందే. రెండు ఆదివారాలు ఎర్రగడ్డ సంతలో తిరిగాను. చివరికి కోఠీ గుజరాతీ గల్లీలో రిపేర్లు చేసే ఒకాయన దగ్గర మూడున్నర వేలకి ఒకటి దొరికింది. "హెడ్లు బాగున్నాయి సార్, బెల్టు మార్చాను. కానీ బూజు క్యాసెట్టు దీంట్లో పెట్టకండి, ఒకదాని బూజు అన్నిటికీ అంటిస్తుంది," అన్నాడు. చిన్నప్పుడు మా సైన్సు మాస్టారు అంటువ్యాధుల గురించి చెప్పినట్టే చెప్పాడు.

ఆయన మాట విని ముందు క్యాసెట్లు విప్పాను. అయిదు స్క్రూలు తీస్తే పెంకు రెండుగా విడిపోతుంది. పిన్ని పెళ్ళి మొదటి భాగంలో, చుట్టిన టేపు అంచుల మీద, తెల్లగా పిండి చల్లినట్టు బూజు ఉంది. మాస్కు పెట్టుకుని, బాల్కనీలో కూర్చుని, టేపుని చేత్తో నెమ్మదిగా తిప్పుతూ మెత్తటి గుడ్డతో దులిపాను. రెండో భాగంలో బూజు లేదు. ఒక్క చుక్క కూడా లేదు. ఇరవై ఏళ్ళకి పైగా నేను ఏ సాకు వెనక దాక్కున్నానో అది అక్కడ లేదు.

మిగతా సరంజామా గురించి ఎక్కువ చెప్పను. మొదట చవక యూఎస్‌బీ డాంగిల్ ఒకటి కొని దెబ్బతిన్నాను. మధ్యలో ఫ్రేములు జారిపోయి, పది నిమిషాలయ్యేసరికి పురోహితుడి పెదాలు ఒక మంత్రం, గొంతు ఇంకో మంత్రం చెప్పేవి. పాత టేపు నుంచి వచ్చే సిగ్నల్ నిలకడగా ఉండదు. గీతలు ఒకటి ముందుగా, ఒకటి ఆలస్యంగా వస్తాయి. దాన్ని సరిచేసి అందించే టైమ్ బేస్ కరెక్టర్ అనే సాధనం మధ్యలో ఉండాలి. అది విడిగా కొనాలంటే ఖరీదు. పాత డీవీడీ రికార్డర్లు కొన్నిట్లో లోపలే ఆ పని చేసే చిప్పు ఉంటుందని తెలిసి, ఒక స్నేహితుడి అటక మీంచి ఒకటి దింపించాను. వీసీఆర్ నుంచి దానికి, దాన్నుంచి కాస్త మంచి క్యాప్చర్ కార్డుకి, అక్కణ్ణించి హార్డ్ డిస్కుకి. నష్టం లేని ఫార్మాట్‌లో పట్టుకుంటే గంటకి దాదాపు 30 జీబీ. ముందు ఉన్నది ఉన్నట్టు పట్టుకోవాలి, కోతలూ మెరుగులూ తర్వాత, అదీ వేరే కాపీ మీద. ఆర్కైవుల వాళ్ళు పాటించే నియమం ఇదే.

ఇందులో నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది సమయం. మేము ఆఫీసులో టెరాబైట్లు అటూ ఇటూ పంపుతుంటాం. ఎంత డేటా అయినా ఇంకా పెద్ద మెషీను పెడితే తొందరగా అవుతుంది. టేపు అలా వినదు. మూడు గంటల పెళ్ళికి మూడు గంటలే. టేపు సెకనుకి 2.34 సెంటీమీటర్లు మాత్రమే కదులుతుంది. లోపల హెడ్లున్న డ్రమ్ము నిమిషానికి 1500 సార్లు తిరుగుతూ, టేపు మీద ఏటవాలుగా ఉన్న గీతల్ని చదువుతుంది. సెకనుకి యాభై గీతలు. ఒక్కో గీతలో సగం బొమ్మ. ఏదైనా తేడా వస్తే వెంటనే ఆపాలి కాబట్టి పక్కన కూర్చోవాలి. పిల్లలు పడుకున్నాక, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, రాత్రి పదింటి నుంచి ఒంటిగంట దాకా, ఎప్పుడో జరిగిపోయిన పెళ్ళికి మళ్ళీ హాజరయ్యాను.

*

ఆ కాలపు పెళ్ళి వీడియోలు మీలో చాలామంది చూసే ఉంటారు. పెళ్ళికూతురి మొహం గులాబీ పువ్వులోంచి పుడుతుంది. పెళ్ళికొడుకు హృదయాకారంలోంచి తొంగిచూస్తాడు. ఇద్దరూ కలిసి ఏ మంచుకొండల ముందో గాల్లో తేలతారు. సినిమాల గురించి నాలుగు ముక్కలు రాసే అలవాటుంది కాబట్టి వీటిని మొదట నవ్వుకుంటూ చూశాను. రెండో రాత్రికి నవ్వు తగ్గింది. ఆ మిక్సింగ్ చేసినాయనకి ఒక దృష్టి ఉంది. పెళ్ళి అంటే ఆయనకి సినిమా. సినిమాలో వంటపాత్రల చప్పుడు వినపడకూడదు, ముసలాయన దగ్గు వినపడకూడదు. అందుకని మంత్రాలు కొద్దిసేపు ఉంచి, మిగతాదంతా తుడిచేసి, సినిమా పాటలు పరిచాడు. తాళి కట్టేటప్పుడు ఒకటి, తలంబ్రాలకి ఇంకోటి, బంతి భోజనాల దగ్గర హుషారైనది.

ఈ పాటల కింద అమ్మమ్మ తిరుగుతూ ఉంది.

మొదటి క్యాసెట్టులో పద్నాలుగు చోట్ల కనపడింది, లెక్కపెట్టాను. ఆకుపచ్చ పట్టుచీర, బొడ్లో తాళంచెవుల గుత్తి. ఎప్పుడూ ఫ్రేము అంచున, ఎప్పుడూ చేతిలో ఏదో ఒకటి: పళ్ళెం, విసనకర్ర, ఎవరిదో చంటిపిల్ల. వీడియో లైటు మొహం మీద పడగానే పక్కకి తిరిగిపోతుంది. రెండుసార్లు నాతో ఏదో అంటుంది. నాకప్పుడు నాలుగేళ్ళు, నిక్కరు జారిపోతూ కెమెరాకి అడ్డంగా పరిగెడుతున్నాను. ఆవిడ పెదాలు కదులుతాయి. వినపడేది మాత్రం సినిమా పాట. నేను ఆ ఒక్క చోటే ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశానో. పెదాల కదలికని బట్టి "ఒరే, పడతావు" అనుకున్నాను. కాదేమో కూడా.

అప్పుడు అర్థమైంది, అమ్మ ఆ అప్పగింతల పాట గురించి ఎందుకంత పట్టుగా అడుగుతోందో. అమ్మ చెప్పడం ప్రకారం మిక్సింగాయన ఆ ఒక్కచోట దయతలచి అసలు శబ్దం ఉంచాడు. రెండు క్యాసెట్లు, దాదాపు ఆరు గంటల పెళ్ళి మొత్తమ్మీద అమ్మమ్మ గొంతు ఉన్న చోటు అదొక్కటే.

*

ఇప్పుడు 1998కి రావాలి.

షార్జాలో కోకా కోలా కప్పు. ఏప్రిల్ 22న ఇసుక తుఫాను వచ్చి ఆట ఆగి, మళ్ళీ మొదలై, సచిన్ 143 కొట్టి మ్యాచ్ ఓడినా ఇండియాని ఫైనల్‌కి చేర్చిన రోజు. ఆ రాత్రి నన్ను మధ్యలోనే పడుకోమన్నారు. పొద్దున్నే బయట పిల్లలందరూ ఆ తుఫాను గురించే మాట్లాడుకుంటుంటే నేను నోరు వెళ్ళబెట్టాను. 24న ఫైనల్. మనకి లక్ష్యం 273. ఈసారి ఏం జరిగినా వదలకూడదని, పడుకోమన్నా సరే రేపు చూసుకోవచ్చని, రికార్డు చేయాలనుకున్నాను.

ఖాళీ క్యాసెట్టు లేదు. నాన్న సినిమాలు ముట్టుకుంటే వీపు పగులుతుంది. పిన్ని పెళ్ళి రెండో క్యాసెట్టు చివర ఖాళీ ఉంటుందని నాకొక నమ్మకం. సాయంత్రమే సెలోటేపు అంటించి సిద్ధంగా పెట్టుకున్నాను. పెళ్ళి ఎక్కడ అయిపోయిందో చూసి, అక్కణ్ణించి మొదలుపెడితే సరిపోయేది. కానీ అది చూడాలంటే టీవీని వీసీఆర్ ఛానెల్‌కి మార్చాలి. మారిస్తే అక్కడ బంతి పోతుంది. అందుకని టీవీలో మ్యాచ్ చూస్తూనే, కళ్ళు తిప్పకుండా, ఫాస్ట్ ఫార్వర్డ్ నొక్కి, మనసులో లెక్కపెట్టి, ఇక చాలనుకున్నాక ఆపి, రికార్డు నొక్కాను.

నలభై ఒక్క నిమిషాల తర్వాత కరెంటు పోయింది. ఏప్రిల్‌లో ఏలూరు, ఆశ్చర్యమేముంది. మళ్ళీ వచ్చేసరికి నేను నిద్రపోయాను. ఇండియా ఆరు వికెట్లతో గెలిచిందని, సచిన్ 134 కొట్టాడని మర్నాడు పేపర్లో చదివాను.

ఆ మధ్యాహ్నం అందరూ పడుకున్నాక క్యాసెట్టు వేసి చూశాను. పెళ్ళి బంతి భోజనాలు నడుస్తున్నాయి. ఉన్నట్టుండి షార్జా. ముందుకి తిప్పాను. మ్యాచ్ ఆగిపోయింది, చుక్కలు చుక్కలు, ఆ వెంటనే పూలతో అలంకరించిన అంబాసిడర్ కారు, అందులో ఏడుస్తూ పిన్ని. పదేళ్ళ పిల్లాడికి కూడా భోజనాలకీ కారుకీ మధ్య ఏముంటుందో తెలుసు. క్యాసెట్టు తీసి, బీరువాలో అన్నిటికన్నా వెనక్కి తోసేశాను.

*

ఇన్నేళ్ళ తర్వాత రెండో క్యాసెట్టు వీసీఆర్‌లో పెట్టిన రాత్రి ఆ అతుకు కోసమే ఎదురుచూస్తూ కూర్చున్నాను.

టేపు చెరపడం ఎలా జరుగుతుందంటే, క్యాసెట్టులోంచి బయటికొచ్చిన టేపు ముందుగా చెరిపే హెడ్డుని దాటి, కొన్ని సెంటీమీటర్లు ప్రయాణించి, ఆ తర్వాత బొమ్మ రాసే డ్రమ్ము దగ్గరికి వస్తుంది. రికార్డు నొక్కిన క్షణంలో ఈ రెంటి మధ్యా ఉన్న ముక్క అప్పటికే చెరిపే హెడ్డుని దాటిపోయి ఉంటుంది. దాని మీద పాత బొమ్మ ఉండగానే కొత్త బొమ్మ రాయబడుతుంది. అందుకే అతుకు దగ్గర కొద్ది సెకన్లు తెర మీద ఇంద్రధనుస్సులా రంగుల చారలు కదులుతాయి.

భోజనాల పంక్తి. ఎవరో నెయ్యి వడ్డిస్తున్నారు. బొమ్మ ఒక్కసారి ఎగిరిపడింది. ఆకుపచ్చ మైదానం, దాని మీద ఎర్రటి, నీలం చారలు సన్నగా పాకుతున్నాయి. ఆ చారలు షార్జావి కావు. పెళ్ళివి. పూర్తిగా పోకుండా మిగిలిన అడుగు. అక్కడ ఎవరున్నారో చూడటం అసాధ్యం, ఆ రంగుల్లో మొహం వెతకడం పిచ్చి. అయినా ఫ్రేము తర్వాత ఫ్రేము ఆపి చూశాను. ఆ తర్వాత చారలు పల్చబడి, మైదానం నిర్మలంగా తేలింది. శబ్దానికి ఆ కొద్ది సెకన్ల మినహాయింపు కూడా లేదు. దాన్ని చెరిపే హెడ్డు రాసే హెడ్డు పక్కనే ఉంటుంది. బంతి భోజనాల పాట సగంలో తెగిపోయి, టోనీ గ్రెగ్ గొంతు మొదలైంది.

లెక్కేశాను. నలభై ఒక్క నిమిషాలు, సెకనుకి 2.34 సెంటీమీటర్ల చొప్పున, 57 మీటర్ల పైచిలుకు టేపు.

ఆ రాత్రి నిద్రపట్టక చెరిపేసిన వాళ్ళ చరిత్ర అంతా చదివాను. చంద్రుడి మీద మొదటి అడుగుల ప్రసారాన్ని నేరుగా అందుకున్న అసలు టేపుల్ని నాసానే మళ్ళీ వాడుకోవడానికి చెరిపేసి ఉంటుందని 2009లో తేలింది. బీబీసీ తన పాత కార్యక్రమాలెన్నో టేపు ఆదా కోసం తుడిచేసింది. వాళ్ళంత వాళ్ళే చేసినప్పుడు, అని కాస్త ఊరట పడ్డాను. ఆర్కిమెడీస్ రచనలున్న పదో శతాబ్దపు తోలు ప్రతిని పదమూడో శతాబ్దంలో గీకేసి దాని మీద ప్రార్థనలు రాసుకున్నారు. ఆ పుస్తకం న్యూయార్కులో వేలానికొచ్చింది సరిగ్గా 1998లోనే, నేను సెలోటేపు అంటించిన ఏడాది. ఆ తర్వాత రకరకాల కాంతుల్లో ఫొటోలు తీసి, గీకేసిన ఆర్కిమెడీస్‌ని మళ్ళీ చదివారు. తోలుకి సిరా ఇంకుతుంది కాబట్టి అది సాధ్యమైంది. టేపు మీద ఉన్నది అయస్కాంతపు అమరిక మాత్రమే. చెరిపే హెడ్డు దాటాక చదువుకోవడానికి ఇంకేమీ మిగలదు. ఊరట అక్కడితో అయిపోయింది.

*

నిజమైన పరీక్ష ఆ తర్వాత వచ్చింది.

ఫైలు నా దగ్గరుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో ఒక్క లైను రాస్తే ఆ నలభై ఒక్క నిమిషాలూ మాయం. నెయ్యి వడ్డించడం నుంచి నేరుగా కారు. అతుకు మీద ఒక చిన్న ఫేడ్ వేస్తే, మిక్సింగాయనే అలా చేశాడనుకుంటారు. సెలోటేపు పీకి పారేస్తే సాక్ష్యం లేదు. "అమ్మా, అప్పగింతల ముక్క పాడైపోయింది, బూజు" అంటే చాలు. ఇరవై ఏళ్ళుగా ఇంట్లో అందరూ నమ్ముతున్న మాటే అది.

ఆ లైను రాశాను. మొదలు, ముగింపు సమయాలు కూడా ఇచ్చాను. ఎంటర్ నొక్కలేదు.

డిజిటైజ్ చేయడం అంటే భద్రపరచడం అని మనం అనుకుంటాం. ఆ రాత్రి నాకు తెలిసినదేంటంటే, టేపు అబద్ధం చెప్పలేదు. దాన్ని గాయపరిస్తే గాయం కనపడుతుంది. అతుకు ఎగిరిపడుతుంది, చారలు కదులుతాయి, చెరిపి రాయని చోట చుక్కలు రాలతాయి, విరిచిన పలుకు మీద సెలోటేపు మిగులుతుంది. ఫైలుకి ఆ బలహీనత లేదు. నేను కోసిన చోట మచ్చ ఉండదు. ఆ పెట్టెలోని టేపులు ఇక ఎవరూ చూడరు, ఫైళ్ళే చూస్తారు. అంటే ఆ పెళ్ళిలో ఏం జరిగిందో ఆఖరిసారిగా నిర్ణయించేది నేనే. మిక్సింగాయన పాటలు పరిచి ఒకసారి నిర్ణయించాడు. పదేళ్ళప్పుడు తెలియక నేనొకసారి నిర్ణయించాను. ఇప్పుడు తెలిసి.

*

ఆదివారం పొద్దున అమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. నేనూ రెండు కాయలు తీశాను. మూడో కాయ దగ్గర చెప్పేశాను. సెలోటేపు, మ్యాచ్, నాన్న బూజు మాట, నేను తలూపడం, అన్నీ.

అమ్మ చెయ్యి ఆగింది.

"ఎంతసేపు?"

"నలభై ఒక్క నిమిషాలు."

"అప్పగింతలు," అంది. మళ్ళీ ఈనెలు తీయడం మొదలుపెట్టింది. నేనింకా ఏదో చెప్పబోతే, "ఆ గిన్నె ఇలా జరుపు," అంది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. నాన్న మాత్రం ఒకసారి వచ్చి, "నేనన్నది బూజు పట్టి *ఉంటుంది* అని. పట్టింది అనలేదు," అని తన వాంగ్మూలం ఇచ్చి వెళ్ళిపోయారు.

మర్నాడు సాయంత్రం ఆఫీసు కాల్స్ అయిపోయాక అమ్మ వచ్చి, "ఏదీ, పెట్టు," అంది. భోజనాల దగ్గర నుంచి పెట్టాను. అతుకు వచ్చింది. ముందుకి తిప్పబోతే వద్దంది. "ఉండనీ."

మా అమ్మకి క్రికెట్ తెలీదు. ఓవరుకి ఎన్ని బంతులో కూడా తెలీదు. సోఫాలో వెనక్కి ఆనకుండా, నిటారుగా కూర్చుని, నలభై ఒక్క నిమిషాలూ చూసింది. నేను ఆవిడ మొహం వైపు చూడలేదు. తెర మీద సచిన్ ఆడుతున్నాడు. ఎంత బాగా ఆడాడో ఆ రోజు! ఆ మాట అనడానికి నోరు రాలేదు.

బొమ్మ తెగిపోయి చుక్కలు రాలాయి. అమ్మ అప్పుడు అంది: "ఆ రాత్రి కరెంటు పోయింది కదా. నువ్వు ఒకటే ఏడుపు. మ్యాచ్ కోసం అనుకున్నాం."

"మ్యాచ్ కోసమేనమ్మా," అన్నాను.

అమ్మ నవ్వింది. మామూలు నవ్వు కాదు గానీ, నవ్వే.

*

విశాఖలో ఉన్న పిన్నికి అమ్మే ఫోన్ చేసి చెప్పింది. నేను స్పీకరులో వింటున్నాను. తిట్లకి సిద్ధపడ్డాను. పిన్ని కాసేపు ఆగి అంది కదా: "అమ్మ పాడిందా? ఎక్కడ పాడిందే! ఏడుపుతో గొంతు పూడుకుపోతేనూ. పాడింది పక్కింటి టీచరుగారు. అమ్మ నా చెయ్యి పట్టుకుని నిలబడింది, అంతే."

"నేను పక్కనే ఉన్నాను, నాకు తెలీదా?" అంది అమ్మ.

"పెళ్ళి నాది, నాకు తెలీదా?" అంది పిన్ని.

తగువు తీర్చడానికి మామయ్యని కలిపారు. మామయ్య మూడోది చెప్పాడు. అక్కడ కూడా వీడియో ఆయన సినిమా పాటే వేశాడట. అందుకే క్యాసెట్టు తెచ్చుకునేటప్పుడు ఆయనతో గొడవపడి యాభై రూపాయలు తగ్గించి ఇచ్చాడట.

ఇన్నేళ్ళూ నేను అమ్మమ్మ గొంతు చెరిపేశానని మోశాను. ఇప్పుడు చూస్తే అది టీచరుగారి గొంతు కావచ్చు, సినిమా పాట కావచ్చు. తేల్చి చెప్పగలిగింది ఆ 57 మీటర్ల టేపు ఒక్కటే. పోయిందేమిటో తెలియకుండా చేయడం కూడా పోగొట్టడంలో భాగమేనని, తప్పు తేలికవుతుందేమోనని ఆశపడి చూసుకుంటే, అది ఇంకో రకంగా బరువెక్కింది.

ఒకటి మాత్రం మిగిలింది. కారు వెళ్ళిపోయాక మిక్సింగాయన పాట ఆపేశాడు. టేపు ఇంకా కొంచెం ఉంటే ఊరికే వదిలేసినట్టున్నాడు. ఆ చివరి నిమిషంలో అసలు శబ్దం ఉంది. కుర్చీలు మడుస్తున్న చప్పుడు. ఎక్కడో గంగాళం ఈడుస్తున్నారు. కెమెరా నేల వైపు వాలి ఉంది, మొహాలు కనపడవు. ఒక ఆడగొంతు, కాస్త బొంగురుగా: "లైటు అటు తిప్పు నాయనా, పిల్లాడు పడుకున్నాడు." ఆరు సెకన్లు. ఆ తర్వాత నీలం తెర.

అమ్మ వినగానే కళ్ళు తుడుచుకుంది. "మా అమ్మే." పిన్నికి పంపితే, టీచరుగారేమో అంది, తర్వాత ఏమో తెలీట్లేదు అంది, రాత్రి పదకొండింటికి మళ్ళీ పెట్టు అని మెసేజ్ పెట్టింది. అంత చిన్న ముక్క నుంచి ఎవరిదో నేను తేల్చలేను. పడుకున్న పిల్లాడిని నేనేనా అన్నదీ తేల్చలేను. ఫైలు పేరులో ఎవరి పేరూ పెట్టలేదు.

అసలు ఫైలు మొత్తంగా, మ్యాచ్‌తో సహా, రెండు హార్డ్ డిస్కుల్లో ఉంది. సెలోటేపు కూడా క్యాసెట్టు మీద అలాగే ఉంది. పిన్ని మాత్రం, "మా అల్లుడుగారికి చూపించాలి, నాకు క్రికెట్ లేకుండా పంపరా బాబూ," అంది. అది ఆవిడ పెళ్ళి, ఆవిడ కోరిక న్యాయమైనదే. కాబట్టి ఆ రోజు రాసి ఆపేసిన లైనుని ఆవిడ కాపీ మీద నడిపించాను. నెయ్యి వడ్డించడానికీ కారుకీ మధ్య పది సెకన్లు నల్ల తెర పెట్టి, దాని మీద తెల్లటి అక్షరాలు రాశాను: ఇక్కడ 41 నిమిషాలు చెరిగిపోయాయి.

పిన్ని మర్నాడు ఫోన్ చేసింది. అంతా బాగుందట, రంగులు కూడా బాగా వచ్చాయట. "కానీ ఆ అక్షరాలేంటిరా? చెరిగిపోయాయి అని రాశావు. నువ్వే చెరిపావు కదా?"

నిజమే. మార్చి, మళ్ళీ పంపాను.